మైనం మీది ఆవాజ్, దాని సనద్

ప్రతి రంజాన్‌లోనూ మన ఫోన్లలో ఒక ఆడియో తిరుగుతుంటుంది. గరగర శబ్దం వెనకాల, ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టు ఒక ఖారీ సాబ్ గొంతు. సూరె దుహా తిలావత్. కింద ఒక వాక్యం: 1885లో మక్కాలో రికార్డయిన ఖిరాత్, దునియాలోనే మొట్టమొదటిది అని. పాణ్యంలో ఉన్నవాళ్లు నంద్యాలకు పంపుతారు, నంద్యాలలో ఉన్నవాళ్లు దుబాయికి పంపుతారు, అక్కడి నుంచి అది మళ్లీ పాణ్యానికే వస్తుంది. సుబ్హానల్లాహ్ అంటాం, ముందుకు తోసేస్తాం. ఎవరు రికార్డ్ చేశారు, దేని మీద చేశారు, ఆ సంవత్సరం ఎట్లా తెలిసింది అని అడిగేవాళ్లు తక్కువ.

హదీస్ విషయంలో మన బుజుర్గులు ఇట్లా వదిలేయలేదు. మాట ఎంత అందంగా ఉన్నా ముందు సనద్ అడిగారు. ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు, ఇద్దరూ ఒకే జమానాలో ఉన్నారా, ఆ రావీ యాద్‌దాష్త్ ఎట్లాంటిది? ఇన్ని సవాళ్లకు జవాబు దొరికాకే ఆ మాటకు ఇజ్జత్. పాత ఆవాజ్‌లకు కూడా ఇదే తరాజు వాడాలని నా మనవి. అందుకు ఆ ఆవాజ్‌లు పుట్టిన యంత్రాన్ని తెలుసుకోవాలి. దాన్ని మళ్లీ పలికించే హునర్ ఏమిటో కూడా తెలుసుకోవాలి. ఇది ఆ రెండింటి కహానీ.

ఫోనోగ్రాఫ్ వేరు, గ్రామఫోన్ వేరు

మన ఊళ్లలో పెద్దవాళ్లు 'గ్రామఫోన్ పెట్టె' అనేది ప్లేటు తిప్పే పెట్టె. నల్లటి ప్లేటు, పైన సూది, పక్కన పువ్వులాంటి బూరా. దానికంటే ముందు పుట్టిన అన్న ఒకడున్నాడు. వాడు ఫోనోగ్రాఫ్. వాడి దగ్గర ప్లేటు లేదు, గొట్టం ఉంది. మందపాటి గాజు గ్లాసుకు అడుగు తీసేస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటి గొట్టం. పొడవు సుమారు నాలుగుంపావు అంగుళాలు, అడ్డం రెండుంపావు.

థామస్ ఎడిసన్ 1877లో మొదటి యంత్రం తయారుచేశాడు. అప్పుడు మైనం లేదు. తిరిగే ఇత్తడి డోలు మీద పల్చటి తగరపు రేకు చుట్టి, దాని ముందు గట్టిగా మాట్లాడితే, పొర వణికి, సూది రేకును నొక్కేది. మళ్లీ తిప్పితే ఆ నొక్కులే మాటలయ్యేవి. నాలుగైదు సార్లు వింటే రేకు అరిగిపోయేది. డోలు నుంచి ఊడదీస్తే మళ్లీ సరిగ్గా తొడగడం దాదాపు నాముమ్కిన్. అది తమాషాకు పనికొచ్చింది, దాచుకోవడానికి పనికిరాలేదు.

మన ఇలాఖా తారీఖుతో పోల్చి చూడండి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీసింది 1847 ఫిబ్రవరి 22న. ఎడిసన్ యంత్రం రావడానికి ఇంకా 30 ఏళ్లుంది. ఆయన మీద పాట కట్టి మొదట పాడినవాళ్ల గొంతు ఎవరికీ దొరకదు. ఆ పాట నోటి నుంచి నోటికి వచ్చింది కాబట్టి బతికింది. యంత్రం లేని జమానాలో సీనాయే రికార్డు.

మైనం తెచ్చినవాళ్లు వేరే. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ వాషింగ్టన్‌లో వోల్టా ల్యాబొరేటరీ అని ఒకటి నడిపాడు. అక్కడ ఆయన తమ్ముడి వరస చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ అనే కారీగర్ కలిసి, రేకును నొక్కడం మానేసి మైనాన్ని చెక్కడం మొదలుపెట్టారు. వాళ్లకు పేటెంట్ దొరికింది 1886 మే 4న. అది చూసి ఎడిసన్ మళ్లీ పనిలో దిగి 1888లో తన మైనపు సిలిండర్ యంత్రాన్ని బయటపెట్టాడు. మైనం అంటే తేనెపట్టు మైనం అనుకోకండి. నిజానికి అది ఒకరకం గట్టి సబ్బు. స్టియరిక్ ఆమ్లంతో లోహపు లవణాలు కలిపి పోత పోసింది. మొదట గోధుమరంగుది, మెత్తది. తర్వాత నల్లది, గట్టిది.

ప్లేటుకూ గొట్టానికీ అసలు ఫర్క్ ఇంకొకటుంది. గ్రామఫోన్ వినిపిస్తుంది, అంతే. ఫోనోగ్రాఫ్ వింటుంది కూడా. తల మార్చి చెక్కే సూది పెడితే రికార్డు చేస్తుంది, వినిపించే సూది పెడితే పలుకుతుంది. కరెంటు అక్కర్లేదు, చావి తిప్పితే చాలు. అందుకే బజారులో ప్లేటు గెలిచినా, ఊరూరా తిరిగి పాటలు సేకరించే పండితులు చాలా ఏళ్లు ఈ గొట్టం యంత్రాన్నే మోసుకుని తిరిగారు. ఎడిసన్ కంపెనీ సిలిండర్లు చేయడం మానేసింది 1929లో.

మన ఇళ్లలో అందరూ గుర్తుపట్టే ఒక బొమ్మ ఉంది. బూరా ముందు కూర్చుని యజమాని గొంతు వింటున్న కుక్క. అదే హెచ్‌ఎంవీ కుక్క. ఫ్రాన్సిస్ బరౌడ్ అనే చిత్రకారుడు మొదట వేసిన బొమ్మలో ఆ కుక్క ముందున్నది ప్లేటు యంత్రం కాదు, సిలిండర్ ఫోనోగ్రాఫ్. 1899లో గ్రామఫోన్ కంపెనీ బొమ్మ కొంటూ యంత్రాన్ని మార్చమంది. పాత యంత్రం మీద కొత్త యంత్రం రంగు పడింది. తారీఖులో చాలా విషయాలు ఇట్లాగే జరిగాయి. కింద ఒకటి, పైన ఒకటి.

1885 లెక్క ఎందుకు కుదరదు

ఇప్పుడు మక్కా ఖిరాత్ సంగతికి వద్దాం. ఆ ఆడియోతో పాటు క్రిస్టియాన్ స్నూక్ హుర్‌ఖ్రోన్యే అనే డచ్ పండితుడి పేరు చెప్తారు. ఈయన నిజంగానే 1885లో మక్కాలో ఉన్నాడు. అబ్దుల్ గఫ్ఫార్ అనే పేరు పెట్టుకుని కొన్ని నెలలు గడిపాడు. ఫొటోలు తీశాడు. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన్ను అక్కడి నుంచి పంపించేశారు. కాబట్టి ఆయన ఉనికికి సనద్ ఉంది. మరి యంత్రానికి ఉందా?

1885లో బయట దొరికేది తగరపు రేకు యంత్రమే. మైనం మీద చెక్కే పని ఆ ఏడాది వోల్టా ల్యాబొరేటరీ గోడల లోపల సాగుతోంది. గ్రాహం బెల్ తన సొంత గొంతును ప్రయోగంగా ఒక మైనపు డిస్కు మీద చెక్కించింది 1885 ఏప్రిల్ 15న. ఆ డిస్కు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో పడి ఉండి, అందులోని మాట మళ్లీ వినబడింది 2013లో. కనిపెట్టినవాడి ఇంటి గడపే దాటని వస్తువు అదే ఏడాది మక్కాకు ఎట్లా చేరుతుంది? రావీ పుట్టకముందే రివాయత్ చేసినట్టు ఉంటుంది ఇది.

మరి ఆ ఆవాజ్‌లు ఫర్జీవా? కాదు. అసలు కహానీ దావా కంటే పెద్దది. స్నూక్ సేకరణలో 300 పైచిలుకు మైనపు సిలిండర్లు నెదర్లాండ్స్‌లో లైడెన్ యూనివర్సిటీ దగ్గర ఉన్నాయి. అవి 1906 నుంచి 1909 మధ్య జిద్దాలోని డచ్ కాన్సులేట్ ద్వారా జమ అయినవి. తిలావత్ ఉంది, అజాన్ ఉంది, హిజాజ్ పాటలున్నాయి. నూరేళ్లు దాటిన హిజాజ్ గొంతులు అవి. ఆ జమానాలో మన దక్కన్ హాజీలు బొంబాయిలో ఓడ ఎక్కి జిద్దాలో దిగేవారు. వాళ్ల చెవిన పడిన అజాన్ ఎట్లా ఉండేదో అందాజు వేయడానికి మనకు ఇంత దగ్గరి దరీచా ఇంకొకటి లేదు. ఇరవై ఏళ్లు ఎక్కువ కలిపి చెప్తే దాని ఇజ్జత్ పెరగదు, తగ్గుతుంది. ఒక అబద్ధం పట్టుబడితే పక్కనున్న నిజం మీద కూడా షక్ పడుతుంది.

ఆలింలు ఏం అడిగారు

ఈ యంత్రం వచ్చినప్పుడు మన ఆలింలు భయపడి పక్కకు తప్పుకున్నారని కొందరు హేళన చేస్తారు. రికార్డు చూస్తే అట్లా లేదు. వాళ్లు చాలా సూటి సవాళ్లు వేసుకున్నారు. ఫోనోగ్రాఫ్ నుంచి వచ్చేది మనిషి గొంతేనా, దాని నఖలా? అందులో సజ్దా ఆయత్ వింటే సజ్దా వాజిబ్ అవుతుందా? తమాషా పాటలు చెక్కిన గొట్టం మీదనే ఖురాన్ చెక్కితే బేఅదబీ కాదా? ఆయత్ ఉన్న సిలిండర్‌ను వజూ లేకుండా ముట్టుకోవచ్చా?

ఈజిప్టులో ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ ఈ విషయం మీద 1906లో రిసాలా వేశారు. బరేలీలో అహ్మద్ రజా ఖాన్ ఫోనోగ్రాఫ్ హుకుం మీదే ప్రత్యేకంగా ఒక రిసాలా రాశారు, 1328 హిజ్రీలో, అంటే 1910లో. ఏ ఆలిం ఏ నతీజాకు వచ్చారన్నది ఫిఖ్ కితాబుల్లో చదువుకోవచ్చు. తారీఖు రాసేవాడికి కనిపించేది వేరే విషయం. ఆవాజ్ అంటే ఏమిటి, మనిషి నోటి నుంచి వేరుపడ్డాక అది ఎవరిది అని ఆ జమానాలో ఇంత లోతుగా ఆలోచించినవాళ్లు మదర్సాల్లో కూర్చుని ఉన్నారు. ఇవాళ కంప్యూటర్ చచ్చిపోయినవాళ్ల గొంతును అనుకరిస్తుంటే దునియా మొత్తం అదే సవాల్ అడుగుతోంది.

మూడు సనద్‌లు

పాత రికార్డుల దునియాలో నాకు బాగా నచ్చిన మూడు పద్ధతులున్నాయి. మూడూ సనద్ కిందికే వస్తాయి.

మొదటిది గౌహర్ జాన్‌ది. 1902 నవంబర్‌లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి రికార్డు చేసిన గాయని. ఆమె పాట చివర్లో తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. జనం దాన్ని నఖ్రా అనుకున్నారు. నిజానికి ఆ రికార్డులు అప్పట్లో జర్మనీలోని హనోవర్ ఫ్యాక్టరీలో అచ్చయ్యేవి. అక్కడి పనివాళ్లకు మన భాష తెలియదు. ఏ ప్లేటుకు ఏ లేబుల్ అంటించాలో తెలియడానికి పాటలోనే పేరు ఉండాల్సి వచ్చింది. కలకత్తాలోని సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చింది 1908లో. అవసరం కోసం చెప్పిన ఆ ఒక్క మాట వల్ల, లేబుల్ ఊడిపోయిన ప్లేటు దొరికినా ఇవాళ ఆమెను గుర్తుపట్టవచ్చు. ఆమె 1930 జనవరిలో మైసూరులో ఇంతెఖాల్ అయింది. ఆవాజ్ మాత్రం పేరుతో సహా మిగిలింది.

రెండోది బెర్లిన్‌ది. అక్కడ 1900లో కార్ల్ స్టుంఫ్ మొదలుపెట్టిన ఫోనోగ్రామ్ ఆర్కైవ్ ఉంది. దాన్ని నడిపిన ఎరిక్ ఫాన్ హార్న్‌బోస్టెల్, బయటికి వెళ్లే పండితులకు ఒక చిన్న పీక ఇచ్చి పంపేవాడు. సిలిండర్ మొదలుపెట్టగానే ముందు ఆ పీక ఊదాలి, తర్వాతే పాట. ఎందుకంటే యంత్రం వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు. వేగం మారితే మగ గొంతు ఆడ గొంతవుతుంది, మధ్యమ శ్రుతి పంచమమవుతుంది. పీక శ్రుతి ఎంతో ముందే తెలుసు కాబట్టి, నూరేళ్ల తర్వాత వినేవాడు పీక శ్రుతి సరిపడేదాకా వేగం సర్దితే చాలు, గాయకుడి గొంతు దానంతట అదే సరైన చోటికి వస్తుంది. ఆ ఆర్కైవ్ సిలిండర్లను యునెస్కో 1999లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

మూడోది దుఃఖంతో కూడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు ఫౌజులో పోయిన మన సిపాయిలు చాలామంది జర్మన్ల చేతికి చిక్కారు. బెర్లిన్‌కు దగ్గర్లో వున్స్‌డోర్ఫ్‌లో వాళ్ల కోసం 'అర్ధచంద్ర శిబిరం' పెట్టారు. ముసల్మాన్ ఖైదీలను తమ వైపు తిప్పుకోవాలని అక్కడ 1915లో చెక్కతో మస్జిద్ కూడా కట్టారు. జర్మనీలో మొదటి మస్జిద్ అదే. ఆ శిబిరంలో విల్హెల్మ్ డోగెన్ ఆధ్వర్యంలో ఖైదీల గొంతులు ప్లేట్ల మీద, ఫోనోగ్రామ్ ఆర్కైవ్ వాళ్ల చేత సిలిండర్ల మీద చెక్కారు. ప్లేటు రికార్డులకు మనిషి మనిషికీ ఒక కాగితం ఉండేది. పేరు, పుట్టిన ఊరు, మజ్హబ్, చేసే పని, చదువు. 1916 డిసెంబర్‌లో మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి మాట్లాడిన రికార్డు అట్లాగే మనదాకా వచ్చింది. ఒక మనిషి ఉండేవాడు, వాడి వతన్‌లో వెన్న తినేవాడు, ఇప్పుడు ఇక్కడ చిక్కుకున్నాడు అని తన గురించే ఎవరి గురించో చెప్పినట్టు చెప్పుకున్నాడు. ఆ కాగితం లేకపోతే ఆయన 'ఒక హిందుస్తానీ ఖైదీ' మాత్రమే. కాగితం ఉంది కాబట్టి ఆయనకు ఒక ఊరు ఉంది. ఖైదులో ఉన్న మనిషిని అడిగి తీసుకున్న రజామందీ ఎట్లాంటి రజామందీ అన్న సవాల్ కూడా ఆ కాగితం వల్లే మనం అడగగలుగుతున్నాం.

మన వైపు ఏం మిగిలింది

తెలుగు గొంతుల సంగతి ఏమిటి? కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ అనే వ్యాపారి 1906లో టాకింగ్ మెషీన్ హాల్ పెట్టి, స్వదేశీగా సిలిండర్లు చేసి రవీంద్రనాథ్ టాగోర్ గొంతును కూడా చెక్కాడు. 1910-11లో ఎ.హెచ్. ఫాక్స్ స్ట్రాంగ్‌వేస్ అనే ఇంగ్లీషు సంగీత పండితుడు ఫోనోగ్రాఫ్‌తో హిందుస్తాన్ తిరిగి, 1914లో పెద్ద కితాబు వేశాడు. గ్రియర్సన్ భాషా సర్వే తరఫున గ్రామఫోన్ ప్లేట్ల మీద మన భాషలూ రికార్డయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీ భాషల రికార్డింగుల పాఠాలను మద్రాసు గవర్నమెంట్ మ్యూజియం 1927లో కితాబుగా అచ్చు వేసింది. అప్పుడు మన కర్నూలు జిల్లా ఆ ప్రెసిడెన్సీలోదే. ఆ సర్వే రికార్డులు ఇవాళ చికాగో యూనివర్సిటీ డిజిటల్ లైబ్రరీలో ఇంట్లో కూర్చుని వినవచ్చు.

పాణ్యం పక్కనే బనగానపల్లె ఉంది. 1948 దాకా నవాబుల రియాసత్. ఇవాళ దునియా ఆ పేరును మామిడిపండుతోనే తలుచుకుంటుంది. నవాబులది షియా ఖాందాన్. ముహర్రం వస్తే మర్సియా, నౌహా ఉర్దూలో. చుట్టుపక్కల పల్లెల్లో అవే పదిరోజులు పీర్ల చావిడి ముందు తెలుగు పాటలు. హిందువులూ ముసల్మాన్లూ, దూదేకుల వాళ్లూ కలిసి గుండం చుట్టూ అడుగువేసి పాడేవి. కర్బలా కహానీ రాయలసీమ తెలుగులో ఎట్లా మారిందో తెలియాలంటే ఆ పాటలే కావాలి.

ఇంట్లో ఆడవాళ్ల పాటలు ఇంకా లోపలి ఖజానా. తిరగలి తిప్పుతూ పాడే చక్కీనామాలు, రాట్నం తిప్పుతూ పాడే చర్ఖానామాలు. దక్కన్‌లో సూఫీల మాట సామాన్యుల ఇళ్లలోకి పోయింది ఈ పాటల దారినే అని బీజాపూర్ సూఫీల మీద 1978లో వచ్చిన కితాబులో రిచర్డ్ ఈటన్ రాశాడు. తిరగలి పోయి మిక్సీ వచ్చింది. తిరగలితో పాటే లయ పోయింది, లయతో పాటే పాట పోయింది. ఆ పాటలు పాడిన మన నానీలు, దాదీల ముందు ఏ డచ్ కాన్సులూ, ఏ జర్మన్ పండితుడూ యంత్రం పెట్టలేదు. బురఖా వెనకాల, వంటింట్లో పాడే గొంతు తమాషా వాళ్లకూ దొరకలేదు, కంపెనీ వాళ్లకూ దొరకలేదు.

వాతావరణం కూడా మనకు దుష్మనే. నంద్యాల ఎండకు మైనం మెత్తబడి వంగుతుంది. వానాకాలం తేమకు బూజు పడుతుంది. బూజు మైనాన్ని తింటుంది, తిన్న చోట ఆవాజ్ ఉండదు. ఇంకొక దుష్మన్ యంత్రంలోనే ఉంది. పాత సిలిండర్ మీది పైపొరను చివ్వి నున్నగా చేసి, మళ్లీ కొత్తది చెక్కే వీలుంది. పొదుపు కోసం మనుషులు ఆ పని చేశారు. ఎందరి గొంతులో పొట్టుగా రాలిపోయాయి.

యంత్రాన్ని మళ్లీ పలికించడం

ఇప్పుడు హునర్ సంగతి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో, పాత దేవిడీ సామాన్ల మధ్యనో మీకు ఎప్పుడైనా ఇట్లాంటి యంత్రం కనిపిస్తే మొదట ఒకటి చూడండి. తళతళలాడే ఇత్తడి బూరా, కొత్త చెక్కపెట్టె, పైన హెచ్‌ఎంవీ బిళ్ల ఉన్నదైతే చాలావరకు నఖలీ. పాత ముక్కలు కొన్ని, కొత్తవి కొన్ని కలిపి షోకేసు కోసం చేసేవి మన దేశంలోనే తయారవుతున్నాయి. అసలు సిలిండర్ యంత్రానికి గుండ్రటి పళ్లెం ఉండదు. ఒక కొసన కొద్దిగా సన్నబడే లోహపు కడ్డీ ఉంటుంది. సిలిండర్‌ను దానికి ఉంగరంలా తొడుగుతారు. దానికి సమాంతరంగా సన్నటి మరల పొడవాటి స్క్రూ ఉంటుంది. అదే తలను కుడివైపుకు నడిపిస్తుంది.

ఇది గడియారం సాజ్ పని. చార్మినార్ దగ్గర మెహబూబ్ చౌక్‌లో గడియారాలు బాగుచేసే ఉస్తాద్‌లకు ఇందులో సగం విద్య ముందే వచ్చు. పెట్టెలో ఉన్నది స్ప్రింగు మోటారు. నూరేళ్లలో దాని గ్రీజు తారులా గట్టిపడి ఉంటుంది. స్ప్రింగు విప్పడం పిల్లలాట కాదు. డబ్బీలో చుట్టుకుని ఉన్న ఉక్కు పట్టీ విదిలిస్తే వేళ్లు పోతాయి. చావి బిగువు పూర్తిగా వదిలాకే ముట్టాలి. పాత గ్రీజు కడిగి, కొత్తది పూసి, తోలు బెల్టు మార్చి, వేగం పట్టి ఉంచే గవర్నర్ గుండ్లు మూడూ సమంగా తిరుగుతున్నాయో లేదో చూడాలి. 1902 తర్వాతి సిలిండర్లకు మామూలు వేగం నిమిషానికి 160 చుట్లు. అంతకు ముందువి ఇంకా నెమ్మది.

తర్వాత తల. అందులో పల్చటి పొర, దానికి అటూ ఇటూ రబ్బరు వలయాలు, కింద నీలమణి సూది. రబ్బరు రాయిలా మారి ఉంటుంది. మార్చకపోతే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వస్తుంది. సూది మొన పగిలి ఉంటే అది సూది కాదు, నాగలి. దాంతో సిలిండర్ ఆడిస్తే చాలు దున్నేస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. పాతవి రెండు నిమిషాల సిలిండర్లు, అంగుళానికి 100 గాళ్లు. 1908లో వచ్చినవి నాలుగు నిమిషాలవి, అంగుళానికి 200. దేని సూది దానికే.

పెట్టె మీద బంగారు రంగు అక్షరాలుంటే తడిగుడ్డతో రుద్దవద్దు, స్పిరిట్ అసలే వద్దు. మెరుగు పెట్టాలని, రంగు వేయాలని చేయి దురద పెడుతుంది. ఆపుకోవాలి. మరమ్మతు అంటే కొత్తగా చేయడం కాదు. ఉన్నదాన్ని పని చేసేంత మటుకే ముట్టుకోవడం. పాత ముక్క తీసేస్తే పారేయకుండా పొట్లం కట్టి దాచాలి.

ఇక అసలు అమానత్, సిలిండర్. రెండు వేళ్లు లోపలికి పెట్టి, వేళ్లు కొద్దిగా విప్పి ఎత్తాలి. పైన ముట్టకూడదు. చల్లటి మైనానికి చేతి వెచ్చదనం తగిలినా పగిలిపోవచ్చు. పడుకోబెట్టకుండా నిలబెట్టి దాచాలి. పాతబడేకొద్దీ మైనం కుదించుకుపోతుంది, కడ్డీకి ఎక్కదు. జబర్దస్తీ చేస్తే రెండు ముక్కలు. నీళ్లతో కడగకూడదు. అన్నిటికంటే పెద్ద ఉసూల్ ఇది: ఇంట్లో ఎవరో చెక్కిన, రెండో నఖలు లేని మైనపు సిలిండర్‌ను పాత యంత్రం మీద అసలు ఆడించకూడదు. బరువైన తల ప్రతిసారీ కొంత గొంతును గీరేసుకుంటుంది. కంపెనీ అమ్మిన మామూలు సిలిండర్‌తో యంత్రాన్ని పరీక్షించండి, ముచ్చట తీర్చుకోండి. ఒక్కటే ఉన్నదాన్ని మాత్రం ఆర్కైవ్ వాళ్లకు చూపించాలి.

వాళ్ల దగ్గర వేరే దారులున్నాయి. ఫ్రాన్స్‌లో ఆంరీ షామూ తయారుచేసిన ఆర్కియోఫోన్ చాలా తేలికైన సూదితో, వేగం సర్దుకుంటూ ఆడిస్తుంది. అమెరికాలో బర్క్‌లీ ల్యాబొరేటరీలో కార్ల్ హేబర్ అనే భౌతికశాస్త్రవేత్త ఇంకా ముందుకు పోయాడు. కణాల జాడలు కొలిచే విద్యను ఇటు తిప్పి, సిలిండర్ ఉపరితలాన్ని కాంతితో కొలిచి, ఆ కొలతల్లోంచి కంప్యూటర్‌లో ఆవాజ్ తీశాడు. సూది తగలదు, పగిలిన సిలిండర్‌ను కూడా చదవవచ్చు. 1860లో పారిస్‌లో మసి కాగితం మీద గీసిన గొంతు జాడ 2008లో ఆవాజ్‌గా వినబడింది ఇట్లాంటి మెహనత్ వల్లే. కాలిఫోర్నియాలో శాంటా బార్బరా యూనివర్సిటీ 2005 నుంచి వేల సిలిండర్లను ముఫ్త్‌గా వినిపిస్తోంది.

మన మైనం ఏది?

మన ఇళ్లలో మైనపు సిలిండర్లు దొరక్కపోవచ్చు. దొరికేది క్యాసెట్. గల్ఫ్‌కు పోయిన అబ్బాకు అమ్మీ మాట్లాడి పంపిన క్యాసెట్, అబ్బా తిరిగి పంపినది, బడే అబ్బా చదివిన నాత్, పీర్ల చావిడి ముందు ఎవరో రికార్డు చేసిన ముహర్రం రాత్రి, ఫుఫూ పెళ్లిలో ఆడవాళ్లు పాడిన హల్దీ పాటలు. కాగితాలు అందని చోట మన తారీఖు అదే. ఆ రీళ్లు ట్రంకు పెట్టెల్లో, ఎండకూ తేమకూ, మైనంలాగే చస్తున్నాయి. వాటికి కూడా బూజు పడుతుంది. పొర రాలిపోతుంది. పైన కొత్త సినిమా పాట రికార్డు చేస్తే కింద నానీ గొంతు పోతుంది. సిలిండర్ చివ్వడానికీ దీనికీ ఫర్క్ లేదు.

సిలిండర్ పండితుల దగ్గర నేర్చుకున్న అదే అదబ్ వీటికీ చాలు. దొరకగానే ఆత్రంగా ఆడించవద్దు. వెనకున్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టండి, ఇక దాని మీద ఎవరూ పొరపాటున రికార్డు చేయలేరు. బూజు ఉంటే మంచి టేప్‌రికార్డర్ ఉన్న వాళ్లకు చూపించండి. ఒకసారి ఆడించినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించండి, రెండు మూడు చోట్ల దాచండి. ఎక్కించాక అసలు క్యాసెట్ పారేయవద్దు. రేపు ఇంకా మంచి విద్య రావచ్చు.

తర్వాత సనద్ రాయండి. ఇది అందరికంటే ముందు చేయాల్సిన పని, అందరూ ఆఖరికి వదిలేసే పని. ఎవరి గొంతు, ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ సాలు, ఏ మౌఖా, రికార్డు చేసింది ఎవరు, పక్కన వినబడే ఆ దగ్గు ఎవరిది. ఈ జవాబులు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటారు, ఆ మనిషికి ఎనభై ఏళ్లు దాటి ఉంటాయి. యంత్రాన్ని పదేళ్ల తర్వాత కూడా బాగుచేయవచ్చు. ఆ మనిషి దగ్గరికి మాత్రం ఈ జుమ్మా నమాజ్ తర్వాతే పోవాలి.

ఇంకా బతికి ఉన్న గొంతులకు ఫోన్ చాలు. ఖాలా పక్కన కూర్చుని, రజామందీ అడిగి, గౌహర్ జాన్ లాగా ముందు పేరూ ఊరూ చెప్పించి, తర్వాత లోరీ పాడించండి. ఆమె వద్దంటే ఆపేయండి, అది కూడా అదబే. మన ఖాందాన్ తారీఖులో మొట్టమొదటి సహీ సనద్ ఉన్న రికార్డు అదే అవుతుంది. రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ కొని ఖురాన్ అల్మారా పక్కన పెట్టుకోండి. మొదటి పేజీలో నంబర్ 1 అని వేయండి.